దేశపటము వెనుకటి కొలతలు

దేశపటము గీతల చిత్రము మాత్రమే కాదు, కొలతల ఫలము. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలువ నారంభించెను. త్రిభుజమున నొక భుజమును, దాని కొనలయందలి రెండు కోణములును తెలిసినచో తక్కిన భుజములు గణితముచే లభించును. అవియే మరికొన్ని త్రిభుజములకు ఆధారములగును. ఇట్లు కొండనుండి కొండకు, గోపురమునుండి గోపురమునకు త్రిభుజమాల సాగెను. తొలిరేఖలోని దోషము కడవరకు వెంటాడును గనుక 1815లో బీదరు ప్రాంతమున వేరొక రేఖను కొలిచి లెక్కలను సరిచూచిరి.

1819లో కృష్ణా గోదావరుల నడిమి యడవులకు కొలతలకై యేగిన జార్జి ఎవరెస్టు జట్టువారనేకులు జ్వరములపాలైరి. అత్యున్నత హిమశిఖరమునకు 1865లో ఎవరెస్టు పేరు పెట్టిరి. గొలుసు మోసిన కూలీల పేర్లు పటములపై కానరావు. పటమును విప్పినపుడు వారినిగూడ తలంచుట మన విధి.