ఆర్జినిన్ – రక్తనాళాల వ్యాకోచం

రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌కు ముడిసరుకైన అమైనో ఆమ్లం ఎల్-ఆర్జినిన్. నాళాల లోపొరలోని ఎంజైమ్ దీన్ని ఆ వాయువుగానూ, సిట్రులిన్‌గానూ మారుస్తుంది. వాయువు పక్కనున్న నునుపు కండర కణాల్లోకి చేరి సైక్లిక్ జీఎంపీని పెంచుతుంది. కండరం వదులై నాళం వెడల్పవుతుంది. ఈ వాయువు పాత్రను తేల్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ దక్కింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటిళ్లలో ఆర్జినిన్‌కు కొదవలేదు: పల్లీలు, నువ్వులు, పప్పులు. వేసవి పుచ్చకాయలో సిట్రులిన్ ఉంటుంది. మూత్రపిండాలు దాన్ని తిరిగి ఆర్జినిన్‌గా మారుస్తాయి. నోటితో తీసుకున్న ఆర్జినిన్‌లో చాలా భాగం పేగుల్లో, కాలేయంలోనే ఖర్చవుతుంది. అందుకే సిట్రులినే మెరుగైన దారి.

మాత్రల సంగతి వేరు. గుండెపోటు రోగులపై జరిగి 2006లో వెలువడిన వింటేజ్ ఎంఐ పరీక్షలో మేలేమీ కనిపించలేదు సరికదా, ఆర్జినిన్ తీసుకున్నవారిలో ఆరుగురు మరణించారు, ఉత్తుత్తి మాత్రల వారిలో ఒక్కరూ పోలేదు; పరీక్షను మధ్యలోనే ఆపేశారు.