శనక్కాయ రైతు, సీమ రాష్ట్రపతి

1978 జనవరి 1న ఢిల్లీలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టరునకు స్వాగతము పలికిన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి, 1953లో డేరాలలో కార్యాలయములు నడచిన కర్నూలు రాజధానియందు ఆంధ్రరాష్ట్ర ఉపముఖ్యమంత్రిగా నుండినవారు. అతిథియో, జార్జియా రాష్ట్రమందలి ప్లెయిన్స్ గ్రామమున బాల్యముననే శనక్కాయ చెట్లు పెరికి, మన్ను కడిగి, ఉప్పునీట నుడికించిన కాయలు వీధులలో నమ్మి, పెద్దవాడై ఆ పంటతోనే వ్యాపారము సాగించిన కర్షకుడు. కర్నూలు, కడప మెట్టచేలలో వానను నమ్ముకొని అదే పైరు వేయు రైతునకు ఇంతకంటె దగ్గఱి చుట్టమగు అధ్యక్షుడు మఱియొకడు లేడని నా తలంపు. ఆ చుట్టఱిక మంతటితో నాగలేదు: పదవిలో నుండగా వ్యాపారమును పరుల యాజమాన్యమున కప్పగించిన కార్టరు, 1981లో ఇల్లు చేరి చూచునప్పటికి, వరుస అనావృష్టులు తోడై, అప్పు పది లక్షల డాలర్లకు పైబడి యుండెను; గిడ్డంగి నమ్మి, పుస్తకములు వ్రాసి, దాని నాతడు తీర్చుకొనెను.