తొలి కథ ఎవరిది?



పోర్ట్ బ్లెయిర్‌లో చదువుకునే మీకు సెల్యులార్ జైలు కొత్త కాదు. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. జైలు మాత్రం 1896–1906 మధ్య కట్టినదే. అక్కడ శిక్ష అనుభవించిన దేశభక్తుల పేర్లు పాలరాతి పలకల మీద కనిపిస్తాయి. అంతకు ముందే, 1858 నుంచి, ఈ దీవులకు ఖైదీలను పంపేవారు. తరువాత వచ్చినవారిలో స్త్రీలూ ఉన్నారు. పలువురు ఇక్కడే పెళ్లాడి స్థిరపడ్డారు. వారి పేర్లు ఎన్ని చెప్పగలరు? ఒక పని చేయడం వేరు, చేసినట్లు గుర్తింపు పొందడం వేరు. సాహిత్యంలో కూడా ఈ తేడా ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం.

తెలుగులో మొదటి కథ ఏది? గురజాడ అప్పారావు గారి ‘దిద్దుబాటు’ అని చాలాకాలం పాఠాలు చెప్పాయి. అది 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. కానీ భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902 నవంబరులోనే ‘హిందూ సుందరి’లో అచ్చయింది. అంటే ఏడేళ్లకు పైగా ముందు. అంతకంటే పాత కథలున్నాయన్న వాదన కూడా ఉంది, ఆ చర్చ ఇంకా సాగుతోంది. అయితే అచ్చమాంబ కథను లెక్కలోకి తీసుకోవడానికే ఎన్నో దశాబ్దాలు పట్టింది.

ఒక విశేషం గమనించండి. రెండు కథల్లోనూ దారితప్పిన భర్తను సరిదిద్దేది భార్యే. ఇతివృత్తం ఇంత దగ్గరైనా పేరు ఒకదానికే వచ్చింది.

అచ్చమాంబ 1874లో పుట్టారు. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో కలిసి ఇంట్లోనే చదువు నేర్చుకున్నారు. స్త్రీల జీవితచరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1905లో, ముప్పై ఏళ్లకే మరణించారు. మరుగున పడిన స్త్రీల చరిత్రను వెలికితీసిన ఆమే మరుగున పడ్డారు!

ఇది ఎలా జరుగుతుంది? ఒక రచన పత్రికలో వస్తుంది. పుస్తకంగా పునర్ముద్రణ పొందుతుంది. విమర్శకులు చర్చిస్తారు. పాఠ్యపుస్తకంలో చేరుతుంది. ఒక్కో మెట్టు పైమెట్టుకు ఆధారం. స్త్రీల పత్రికలో వచ్చిన కథ విమర్శకుల దృష్టికి రాకపోతే కింది మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఎవరూ కుట్ర చేయనక్కరలేదు, ఎవరూ వెతకకపోతే చాలు.

విజ్ఞానశాస్త్రంలోనూ ఇంతే. 1967లో పల్సార్ల సంకేతాన్ని మొదట గుర్తించింది పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్. ఆ ఆవిష్కరణకు 1974 నోబెల్ బహుమతి ఆమె పర్యవేక్షకుడు ఆంటొనీ హ్యూయిష్‌కు దక్కింది. స్త్రీల కృషి ఇలా ఇతరుల ఖాతాలో పడటాన్ని చరిత్రకారిణి మార్గరెట్ రోసిటర్ 1993లో ‘మటిల్డా ప్రభావం’ అన్నారు.

గురజాడను తగ్గించడం మన ఉద్దేశం కాదు. ‘దిద్దుబాటు’ గొప్పతనం తేదీ మీద ఆధారపడి లేదు. కానీ ‘మొదటిది’ అన్నది తేదీకి సంబంధించిన మాట. దాన్ని ప్రయోగంలో కొలతలా సరిచూడాలి. ఇకమీద ఎక్కడైనా ‘మొట్టమొదటి’ అన్న మాట కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి: ఏ సంవత్సరం? ఏ పత్రికలను వెతికి చెప్పారు? రెండో ప్రశ్నకు జవాబు దొరకకపోతే, ఆ వెతుకులాట మీరే మొదలుపెట్టవచ్చు.