హోటలు వంటయింటి స్త్రీలు – వైద్యసహాయము

అన్నమమ్మి జీవించుట ఆంధ్రదేశమునకు క్రొత్తగా వచ్చిన వృత్తి కాదు. ఓరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామమునందు ఒక రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూటి యిల్లు కనబడుచున్నది. కొన్ని శతాబ్దముల తరువాత గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ మరల మన కెదురగును. విధవయై, వేఱు దారి లేక, పరులకు వండిపెట్టి బ్రదుకు ఆ స్త్రీని చూచి మనము నవ్వితిమి. ఆమెకు జ్వరము వచ్చిన దినమున పొయ్యి యెవరు రాజవేసిరో యని యడిగినవారము కాము.

పూటకూటి యిల్లు హోటలుగా మాఱిన పిదప స్త్రీ ముందుగదినుండి వెనుక దొడ్డికి జరిగినది. గల్లాపెట్టె యొద్ద కూర్చుండువాడును, వడ్డించువాడును, పెద్ద వంటవాడును చాలచోట్ల పురుషులే. పిండి రుబ్బుట, కూరలు తరుగుట, బియ్యమేరుట, అంట్లు తోముట స్త్రీల పాలబడినవి. పూటకూటి యింట ఆమె యజమానురాలు. హోటలులో ఆమె కూలి. తినువారి కంటబడని చోట పని చేయుటవలన ఆమె కష్టము చట్టము వ్రాయువారి కంటను పడలేదు.

ఆ కష్టమెట్టిదో చదువరులు తమ వంటయింటి యనుభవమును పదింతలు చేసి యూహింపవచ్చును. గంటలకొలది నిలుచుండుటచే కాళ్లనరములుబ్బుట, ఎడతెగక నీటిలో నానుటచే వ్రేళ్లసందులు పాయుట, కాగిన నూనె చింది బొబ్బలెక్కుట, పొగవలన దగ్గు, పెద్ద గుండిగలు దింపుటచే నడుమునొప్పి. వీనికంటె పైకి చెప్పుకొనరానిది మఱొకటి కలదు. స్త్రీలకు ప్రత్యేకముగ మరుగుదొడ్డి లేని హోటళ్లలో వారు దాహమును చంపుకొని నీరు త్రాగుట మానుదురు. అగ్గి యెదుట చెమటలు కారుచు నీరు త్రాగని దేహమున మూత్రవ్యాధులు పుట్టుటలో వింత యేమున్నది?

స్త్రీలకొఱకు వైద్యశాలలు లేకపోలేదు. మేరీ షార్లీబు కృషివలన 1885లో మద్రాసున ఘోషా ఆసుపత్రి వెలసినది. 1883లో గుంటూరునకు వచ్చిన అన్నా కుగ్లరు వైద్యురాలు 1898లో అచ్చట స్త్రీల ఆసుపత్రిని తెఱిపించినది. ఈ పుణ్యకార్యముల ఫలము గొప్పది. అయినను ఆసుపత్రిలో బయటిరోగులను చూచు వేళ సాధారణముగ ఉదయము. హోటలులో ఇడ్లీలు దిగు వేళయు ఉదయమే. ఒక పూట మానిన కూలి పోవును, రెండు పూటలు మానిన పనియే పోవును. కావున తలుపు తెఱచియున్న ఆసుపత్రికి సైతము ఆమె పోజాలదు. ఆమెకు కావలసినది మందు మాత్రమే కాదు, మందు తెచ్చుకొను దినమున కూలి పోకుండు ఏర్పాటు. ఆ యేర్పాటు చట్టమువలననే కలుగవలెను.

చట్టము మొదట యంత్రమున్న చోటునకే పోయినది. 1919లో వాషింగ్టను నగరమున కూడిన అంతర్జాతీయ కార్మిక మహాసభ ప్రసూతి రక్షణమును కర్మాగారములకే గాక వర్తక సంస్థలకును విధించినది. హిందూదేశము దాని నంగీకరింపలేదు. 1929లో బొంబాయియు, తరువాత 1934 నాటి చట్టముచే మద్రాసును ప్రసూతి భృతి నేర్పఱచినపుడు కర్మాగారపు స్త్రీలే లెక్కకు వచ్చిరి. 1947 నాటి మద్రాసు షాపుల చట్టము హోటళ్లను గుర్తించి పనిగంటలను, వారపు సెలవును నిర్ణయించినది. రోగదినములకు జీతముతో కొంత సెలవు నిచ్చినను, వైద్యమును గూర్చి యేర్పాటు చేయలేదు.

1944లో అదార్కరు పండితుడు కార్మికుల ఆరోగ్యభీమాను గూర్చి నివేదిక నొసగెను. అందు తీసికొన్నవి బట్టల మిల్లులు, ఇంజనీరింగు, ఖనిజలోహ పరిశ్రమలు. దాని ననుసరించి 1948లో ఉద్యోగుల రాజ్యభీమా చట్టము పుట్టినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరున నెహ్రూగారు పథకమును ప్రారంభించిరి. వైద్యమును, రోగదినములలో భృతియు, ప్రసూతి భృతియు ఒక్కచోట లభించు ఈ యేర్పాటు నిజముగ మెచ్చదగినది. కాని నాటి నిర్వచనము ననుసరించి ఇరువదిమంది పనివారుండి, యంత్రశక్తితో వస్తువులు తయారగు చోటే కర్మాగారము. రుబ్బురోలు త్రిప్పు చేయి యంత్రశక్తి కాదు గదా!

రుబ్బురోలు పోయి కరెంటు గ్రైండరు వచ్చినది, శీతలపేటిక వచ్చినది. అప్పుడు వివాదము పుట్టినది: వంట చేయుట తయారీ యగునా? హోటలు కర్మాగారమగునా? యజమానులు కాదనిరి. 1976లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి హోటలును, భోజనశాలను ఫ్యాక్టరీ నిర్వచనమునుండి తొలగించిరి. ఇది వారికి బలమైనది. కాని భీమాచట్టమున ఆ మినహాయింపు లేదు. 1993లో సుప్రీంకోర్టు, హోటలు వంటశాలలో ఆహారము సిద్ధపఱచుట తయారీ ప్రక్రియయేయనియు, భీమా నిమిత్తము అట్టి హోటలు కర్మాగారమేయనియు తీర్పు చెప్పినది. ఈలోగా రాష్ట్రప్రభుత్వములును క్రమముగ హోటళ్లకు పథకమును విస్తరింపజేసినవి. యంత్రమున్నచోట సంఖ్య 1989లో పదికి దిగినది. 2010లో యంత్రముతో నిమిత్తము లేకుండ పదిమంది చాలునన్నారు. ఆమె నడుమునొప్పి తెఱువలేని తలుపును మొదట గ్రైండరు మోటారు తెఱచినదని మాకు తోచుచున్నది.

వంట చేయు స్త్రీ దేహమును ప్రభుత్వములు ఎన్నడు పరీక్షింపలేదని యనరాదు. న్యూయార్కు వంటకత్తె మేరీ మాలన్ వలన ఇతరులకు సన్నిపాతజ్వరము సోకుచున్నదని తెలిసి 1907లో ఆమెను ద్వీపమున నిర్బంధించిరి. 1910లో విడిచి, మరల వంటపనిలో పట్టుబడగా 1915 మొదలు 1938లో మరణించువఱకు నిర్బంధించిరి. వంట మానుమని చెప్పుట సులభము. వంట దప్ప వేఱు జీవనము నెఱుగని దానికి తగిన పని చూపుట మాత్రము కొఱవడినది. మన దేశమున 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలును వంటవారికి ఏటేట వైద్యపరీక్ష విధించినవి. అది తినువారి మేలునకై యేర్పడినది, తప్పు కాదు. ఆ పరీక్షలో ఆమె రక్తహీనత బయటపడినచో తరువాత నేమి చేయవలెనో కూడ వ్రాసియుండిన బాగుండెడిది.

2017నుండి భీమా గల స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారముల భృతి లభించుచున్నది. 70 దినముల చందా కట్టియుండవలెను. 2019 జూలై మొదలు యజమాని కూలిలో నూటికి 3.25, పనిచేయువారు 0.75 చెల్లించు నియమ మేర్పడెను. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి 1948 చట్టము స్థానమున అమలులోనికి వచ్చినది. అందును పదిమంది లెక్కయే నిలిచినది. అంతకు తక్కువైన చోట యజమానియు, పనివారిలో నెక్కువమందియు సమ్మతించినచో చేరవచ్చును.

మన వీథి చివరి టిఫిను హోటలు నొకమాఱు తలచుకొందము. లోపల ఎనమండ్రు పురుషులు. దొడ్డిలో గిన్నెలు తోము ఇద్దఱు స్త్రీలు. వారికి నెలజీతము లేదు, ఏ సాయంకాలమున కా సాయంకాలము చేతిలో డబ్బు పెట్టుదురు. కావున హాజరుపట్టీలో వారి పేరులుండవు. వారిని విడిచి లెక్కించిన ఎనిమిది, చేర్చి లెక్కించిన పది. తనిఖీకి వచ్చు అధికారి గల్లాపెట్టె యొద్ద పుస్తకము చూచి మఱలిపోకుండ దొడ్డివఱకు నడిచినచో ఆ హోటలు మొత్తము భీమాక్రిందికి వచ్చును. ఆ యిద్దఱికే గాక లోపలి యెనమండ్రకును చీటీలు వచ్చును. పిదప భీమా చికిత్సాలయము మధ్యాహ్నము మూడుగంటలకు, అనగా భోజనములు ముగిసి సాయంకాలపు ఫలహారము మొదలుకాని వేళ, ఒక గంట తెఱచియుండవలెనని కోరుటయే మిగులును.