వ్యావహారిక భాషోద్యమ ప్రారంభదశలో ఉపాధ్యాయుల సహకారము, విమర్శ

వ్యావహారిక భాషోద్యమమును గూర్చి వ్రాసినవారు సాధారణముగా దానిని భాషాచరిత్రమునందలి యొక ఘట్టముగనో, సాహిత్యచరిత్రమునందలి యొక వివాదముగనో పరిగణించినారు. ఆ రెండు దృష్టులును సమంజసములే. కాని యా యుద్యమమునకు మూడవ ముఖ మొకటి కలదు. అది పాఠశాలలో పుట్టినది. దానికి నాంది పలికినవారు ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక కళాశాలాధ్యక్షుడు, ఒక పాఠశాలల ఇన్‌స్పెక్టరు. బోధనలో గనిపించిన లోపమును దాపరికము లేక చెప్పుకొనుటయు, చెప్పినదానిని ప్రమాణములతో పరీక్షించుకొనుటయు వారి తొలి కార్యక్రమము. ప్రస్తుత వ్యాసమున 1906 మొదలు 1924 వఱకు గల కాలమును మాత్రము గైకొని, ఉపాధ్యాయుల నడుమ సహకారమును విమర్శయు నెట్లు సాగినవో, ఎచట ఫలించినవో, ఎచట తప్పిపోయినవో పరిశీలింప దలచినాము. ఏ భాష మేలైనదను వివాదమున తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు.

1906 లో జె. ఎ. యేట్స్ అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. చిన్న తరగతులలో తెలుగు బోధింపబడు పద్ధతి యాతనికి రుచింపలేదు. పిల్లలు ఇంట మాటలాడు తెలుగు వేఱు, పుస్తకమున జదువు తెలుగు వేఱు. పండితుడు పుస్తకభాషను మరల వాడుక భాషలోనికి మార్చి చెప్పినగాని పాఠము సాగదు. ఇట్లేల యుండవలె నని యాతడు ప్రశ్నించెను. ఈ ప్రశ్న క్రొత్తవానికి గలుగు ప్రశ్న. నిత్యము తరగతిలో నుండువారికి అలవాటువలన గానరాని దానిని వెలుపలినుండి వచ్చినవాడు చూచినాడు. అధికారి యగుట చేత నాతడు ఉత్తరువు చేసి యూరకుండగలడు. అట్లు చేయక, విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాలాధ్యక్షులుగా నున్న పి. టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. ఆయనయు తెలిసినట్లు నటింపక, దీనికి సమాధానము చెప్పగలవారు విజయనగరమున గురజాడ అప్పారావుగారును, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారును అని సూచించెను. తమకు దెలియని విషయమును తెలిసినవారి కప్పగించుట సహకారమునకు మొదటి మెట్టని వేఱుగ జెప్ప నక్కఱలేదు.

అప్పారావుగారును (1862-1915), రామమూర్తిగారును (1863-1940) విజయనగరమున నొకేచోట చదివిన మిత్రులు. రామమూర్తిగారు 1880 లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించు ఉపాధ్యాయులుగ జేరి, 1911 లో పదవీవిరమణము చేయువఱకు నచ్చటనే పనిచేసిరి. ముఖలింగ శాసనములను జదువుటకై ప్రాచీనలిపిని స్వయముగ నేర్చిరి. సవర భాష నభ్యసించుటకు రెండు భాషలు నెఱిగిన వ్యక్తిని తమ యింటనే యుంచుకొనిరి. ఆ మన్యప్రాంతమున తిరుగునపుడు జ్వరము వచ్చి, క్వినైను వాడుటచే గలిగిన చెవుడు వారిని జీవితాంతము విడువలేదు. సవరలకై వారు చేసిన పనికి ప్రభుత్వము పారితోషిక మీయబూనగా దానిని గైకొనక, ఆ ధనముతో సవర పిల్లలకు పాఠశాల పెట్టుడని కోరిరి. ఈ విషయముల నిచట జెప్పుటకు గారణ మున్నది. శాసనము చెక్కినవాడును, భాష మాటలాడువాడును ప్రమాణము; గురువు మొదట వినవలెను, పిమ్మట జెప్పవలెను అను నియమము వారికి తెలుగు వాదమునకు బూర్వమే యలవడినది. స్వీట్, యెస్పర్సన్ మొదలగు భాషాశాస్త్రజ్ఞుల గ్రంథములును వారి కాలోచనకు బలము నిచ్చినవి.

ఇంకొక విషయము గమనింప దగినది. అంతకు మునుపు రామమూర్తిగారు వ్యావహారిక వాదులు కారు. యేట్స్ ప్రశ్నయు, అయ్యంగారి ప్రోత్సాహమును, అప్పారావుగారి స్నేహమును వారిని పునరాలోచనకు బురికొల్పినవి. నలువదేండ్లు దాటిన పిమ్మట, పాతికేండ్ల బోధనానుభవము గలిగిన పిమ్మట, తా మంతవఱకు సరియని యొప్పుకొనినదానిని మరల దూకమున బెట్టి చూచిన ఉపాధ్యాయుడు వారు. తరువాతి కాలమున వారు పరులను విమర్శించిన తీవ్రతయే లోకమునకు దెలియును. ఆ విమర్శ మొదట తమమీదనే ప్రయోగింపబడినదను మాట మఱవరాదు.

1907 లో అయ్యంగారి పూనికచే విశాఖపట్టణమున ఉత్తర సర్కారు జిల్లాల ఉపాధ్యాయ సభ జరిగెను. అందు రామమూర్తిగారు బోధనాభాషను గూర్చి యుపన్యసించిరి. నలుగురు మిత్రుల సంభాషణ ఆ దినమున వృత్తిసంబంధమైన చర్చయైనది. ఉపాధ్యాయుడు తన తరగతిలోని కష్టమును తోడివారి యెదుట జెప్పుకొనుటకును, అది తన యొక్కని యసమర్థత గాక యందఱకు సమానమైన చిక్కు అని తెలిసికొనుటకును అట్టి సభలే తావు. పిల్లవాడు తెలుగు వ్యాసము వ్రాయలేకున్నచో దోషము పిల్లవానిదని యనుకొనుట సులభము. దోషము పద్ధతిలో నుండవచ్చునని యొక ఉపాధ్యాయుడు వేయిమందిలో నిలిచి చెప్పినచో, మిగిలినవారు తమలో దాచుకొనిన మాటను పైకి దీయుటకు ధైర్యము కలుగును.

అయినను ఈ మండలిలో నొక పెద్ద లోప మున్నది. దానిని చరిత్రకారులు తగినంతగ గుర్తింపలేదని మా తలంపు. యేట్స్ ఇన్‌స్పెక్టరు, అయ్యంగారు కళాశాలాధ్యక్షులు, తమిళులు, రామమూర్తిగారు చరిత్రోపాధ్యాయులు, అప్పారావుగారు మహారాజావారి కళాశాలలో ఇంగ్లీషు మున్నగు విషయములు బోధించి, పిమ్మట సంస్థాన సేవలో నున్నవారు. నలువురిలో నొక్కరైనను ఉద్యోగరీత్యా తెలుగు పండితులు కారు. విమర్శింపబడినది తెలుగు బోధనము. విమర్శించినవారు దానిని వృత్తిగ గలవారు కారు. ఆ కాలపు పాఠశాలలలో భాషాపండితుని స్థానమెట్టిదో చదువరులకు దెలియనిది గాదు. ఇంగ్లీషు చదివిన ఉపాధ్యాయులకంటె నతని జీతము తక్కువ, గౌరవమును తక్కువ. అతనికి మిగిలిన యాస్తి వ్యాకరణ పాండిత్య మొక్కటియే. ఆ పాండిత్యము పిల్లలకు జేటు చేయుచున్నదని ఇంగ్లీషు చదివినవారు సభలలో జెప్పగా, అది సహోపాధ్యాయుల సలహాగ గాక పై యధికారుల తీర్పుగ నతని చెవిని బడినది. మాట సత్యమైనను, అది యెవరిని గూర్చి చెప్పబడుచున్నదో వారు చర్చాపీఠమునకు బిలువబడనిచో, సత్యము కూడ దండనవలె దోచును.

తరువాతి సంఘటనములు దీనిని బలపఱచుచున్నవి. 1911 లో జయంతి రామయ్య పంతులుగారు మున్నగువారి పూనికతో ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసెను. 1912-13 లో స్కూలు ఫైనలు పరీక్షయందు వ్యాసరచనను కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని చేయవచ్చునను అనుమతి వచ్చినది. పండితుల ప్రతిఘటనముచే ఆ వెసులుబాటు నిలువలేదు. 1913 లో రామమూర్తిగారు ఆధునికాంధ్ర భాషను గూర్చి యింగ్లీషున నొక విజ్ఞప్తిని బ్రకటించిరి. ఆ రోజులలోనే రామయ్య పంతులుగారు గ్రంథభాషా సమర్థనముగ నింగ్లీషుననే పుస్తకము వ్రాసిరి. తెలుగును గూర్చిన వాదమున నిరుపక్షములును ఇంగ్లీషును ఆశ్రయించుట గమనింపుడు. వారు ఒప్పింప దలచినది తోడి ఉపాధ్యాయుని గాదు, ప్రభుత్వమును, విశ్వవిద్యాలయమును. సహోద్యోగుల నడుమ దీరవలసిన విషయము అధికారుల ద్వారమునకు బోయినది. అచట గెలుపోటములు కలవుగాని పరస్పర శిక్షణము లేదు.

ఇరుపక్షములును రెండు గోడలవలె నెదురెదురుగ నిలిచినవని యనుకొనుటయు బొరపాటే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులైన వేదము వేంకటరాయ శాస్త్రిగారు ప్రతాపరుద్రీయ నాటకమున పాత్రోచిత భాషను బ్రయోగించి, ఆ ప్రయోగమును సమర్థించుచు బ్రత్యేక గ్రంథము వ్రాసిరి. అయినను వచనరచనలో వ్యావహారికము నంగీకరింపలేదు. ఇట్టివారితో నెమ్మదిగ గూర్చుండి, నాటకమున జెల్లినది పాఠపుస్తకమున నేల చెల్లదని విచారించియుండినచో చర్చ యింకొక త్రోవ ద్రొక్కెడిదేమో.

అధికారుల ద్వారమున జరిగినదానిలోను ఒకటి మాత్రము మనకు బాఠముగ నిలిచినది. మద్రాసు విశ్వవిద్యాలయము తెలుగు వ్యాసరచనను గూర్చి నియమించిన ఉపసంఘములో అప్పారావుగారు సభ్యులు. అధికసంఖ్యాకుల నిర్ణయము వారికి సమ్మతము గాలేదు. 1914 లో వారు తమ యసమ్మతిని విస్తృతగ్రంథముగ వ్రాసి సమర్పించిరి. అసమ్మతి పత్రములో సంతకము చేసి రెండు వాక్యములు వ్రాసిన నెవరును తప్పు పట్టరు. వారట్లు చేయక, తాము భేదించిన ప్రతి విషయమునకు గారణమును, ఉదాహరణమును జూపిరి. అప్పటికి వారి యారోగ్యము సరిగ లేదు. మఱుసటి సంవత్సరము నవంబరు 30 న మరణించిరి. సభలో వారి పక్షమోడినది. ఆ గ్రంథము మాత్రము నేటికిని పరిశోధకులకు బనికివచ్చుచున్నది. సహోద్యోగులతో నేకీభవింపలేనివాడు వారికి జెల్లింపవలసిన గౌరవము మౌనము గాదు, పూర్తిగ వ్రాయబడిన కారణము.

అప్పారావుగారి పిమ్మట భారమంతయు రామమూర్తిగారిపై బడినది. 1916 లో కొవ్వూరున జరిగిన పండితసభలో వారు ప్రసంగించిరి. వారి పద్ధతి సుప్రసిద్ధము. గ్రాంథికము మేలనువారు వ్రాసిన గ్రాంథికమునుండియే వ్యాకరణవిరుద్ధ ప్రయోగములను ఏఱి చూపుట. సూత్రములకు లొంగని మహాకవి ప్రయోగములను ప్రక్కన నుంచుట. ఎవరును పాటింపలేని నియమమును పిల్లలపై మోపుట న్యాయమా యని యడుగుట. ఈ విమర్శ వ్యక్తిని గాక వాక్యమును బట్టుకొనును. పుటయు బంక్తియు జూపును గనుక ప్రతివాది సరిచూచుకొనవచ్చును. పరోక్షమున గాక, పండితులు కూర్చుండిన సభలోనే జరిగినది. తొమ్మిదేండ్లకు బూర్వము జరుగవలసినది, అనగా పండితులతో ముఖాముఖి చర్చ, ఇచట జరిగినది.

అయినను దీనిలోను దోషము లేకపోలేదు. 'ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము' అను గ్రంథనామమే చాలును. అందలి యెత్తిపొడుపు చదువరికి నవ్వు పుట్టించును. పండితునికి గాయము చేయును. దోషమును జూపుట వేఱు, దోషిని నవ్వులపాలు చేయుట వేఱు. రామమూర్తిగారి ప్రమాణములకు సమాధానము చెప్పలేనివారు వారి పరిహాసమునకు గోపించి యదియే సమాధానముగ జెల్లించుకొనిరి.

ఫలితము మెల్లగ వచ్చినది. 1919 లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజ మేర్పడినపుడు కందుకూరి వీరేశలింగము పంతులుగా రధ్యక్షులైరి. వారు రాజమహేంద్రవరమునను మద్రాసునను తెలుగు పండితులుగ బనిచేసినవారు. గ్రాంథిక వచనమున బాఠకలోకమును సృష్టించినవారు. జీవితపు జివరి దినములలో వారు ఈ పక్షమునకు వచ్చుట, తెలుగు బోధించువాడు తన బోధనను దాను పునఃపరీక్షించుకొనుటకు గొప్ప దృష్టాంతము. బందరు హైస్కూలులో తెలుగు పండితులుగ నుండిన చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు తరువాతి కాలమున 'కథలు-గాథలు' అను గ్రంథమును వాడుక భాషలోనే వ్రాసిరి. 1924 లో ఆంధ్రసాహిత్యపరిషత్తు వ్యావహారికముపై నుంచిన నిషేధమును దొలగించెను. యేట్స్ ప్రశ్నకును దీనికిని నడుమ పదునెనిమిది సంవత్సరములు గడచినవి. పండితులు లోనికి వచ్చిన కొలదియు కార్యము ముందునకు సాగినదని యీ క్రమమే చెప్పుచున్నది.

ఈ చరిత్ర మాకు గేవలము పరిశోధన విషయము గాదు. మేము పరిశోధకులుగ నుండిన దినములలో కన్యాశుల్క భాషను గూర్చి యొక వ్యాసము వ్రాసితిమి. ఆ నాటకపు మొదటి కూర్పు 1897 నాటిది. ఎంతో పెరిగి మాఱిన రెండవ కూర్పు 1909 నాటిది. మేము తొందరపాటున రెండవ కూర్పులోని వాక్యములను 1897 నాటి భాషకు నిదర్శనముగ నెత్తితిమి. అచ్చునకు బూర్వము దానిని జదివిన మిత్రు డొకరు బాగున్నదనిరి. కొన్ని యేండ్లకు బిమ్మట మా తప్పు మాకే తెలిసి వారితో జెప్పగా, 'నాకప్పుడే తెలియును. మీరు నొచ్చుకొందురని చెప్పలేదు' అనిరి. వారి మర్యాదకు వంక పెట్టలేము. కాని యీలోపల మా వ్యాసమును నమ్మి ఇద్దరు విద్యార్థులు అదే తప్పును తమ సిద్ధాంతవ్యాసములలో వ్రాసిరి. మాకు దప్పిన నొప్పి వారికి నష్టమైనది. నిజము చెప్పుటకు వారు జంకినందుకు మేమును గొంత కారకులము. విమర్శ నడుగునపుడు మేము కోరినది మెప్పు అని వారు గ్రహించియుందురు.

తెలుగు శాఖలలో నేడు పరిశోధనము విస్తరించినది. విభాగమున పదిమంది అధ్యాపకులున్నచో పదిమందియు వేర్వేఱు గదులలో వేర్వేఱుగ వ్రాయుచున్నారు. ఒకరి వ్యాసము నొకరు చదువుట అచ్చయిన తరువాతనే. పైచరిత్రవలన మేము గ్రహించినవి మూడు. విమర్శ వాక్యమును బట్టవలెను, వ్యక్తిని గాదు. ఎవరి పనిని గూర్చి చర్చయో వారు చర్చలో మొదటినుండియు నుండవలెను. ఏకీభవింపలేనివారు తమ కారణమును బూర్తిగ వ్రాయవలెను. ఇవి క్రొత్త సూత్రములు గావు. మనకు ముందువారు వీనిని బాటించి పొందిన లాభమును, తప్పి పొందిన నష్టమును మన చరిత్రలోనే యున్నవి.

వ్యావహారికమును గూర్చిన వ్యాసమును మే మిట్టి భాషలో వ్రాయుట చూచి కొందఱు నవ్వవచ్చును. రామమూర్తిగారే యుండినచో దీనిలోని సంధులను, తప్పిన సూత్రములను ఏఱి యొక పట్టిక వేసెడివారు. ఆ పనిని తోడి యధ్యాపకులును, పరిశోధక విద్యార్థులును జేయవలెనని మా కోరిక. భాషాదోషములకంటె ముఖ్యముగ, విషయమున దోషమున్నచో పుట, పంక్తి నిర్దేశించి వ్రాసినయెడల, వారి పేరుతోడనే రాబోవు సంచికలో సవరణమును బ్రకటింతుము.