రెండు గడియారముల ఏకవాక్యత



పూర్వము మన పెద్దలు నీటిపై తేలు రాగిగిన్నెతో ఘటికలు కొలిచిరి. అది ఊరికి చాలెను. రైళ్ళు వచ్చిన పిమ్మట ఊరూరికి వేరు మధ్యాహ్నము పనికిరాకపోయెను. 1906 జనవరి 1వ తేదీన, మన కాకినాడ ప్రాంతముమీదుగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి భారత ప్రామాణిక కాలము నెలకొల్పబడెను. ఆనాడు నిమిషములు సరిపోయిన చాలును. నేటి కాంతికణముల పరీక్షలకు సెకండులో నూరుకోట్లవ వంతు, అనగా నానోసెకండు, కావలెను. అంతలో కాంతి నడచునది సుమారొక అడుగు.

ఇంత సూక్ష్మమెందులకో మన అంగడి మాటలలో చెప్పెదను. ఆర్మూరునకును నిజామాబాదునకును నడుమ నొకచోటినుండి పసుపు బస్తాలు జంటలుగా బయలుదేరుచున్నవనుకొనుడు. జంటలో ఒకటి ఇటు, రెండవది అటు. వానిపై పేరు లేదు, సంఖ్య లేదు. ఇరువైపుల గుమాస్తాలు సరుకు రంగును, వచ్చిన వేళను మాత్రము వ్రాసికొందురు. సాయంకాలము చిట్టాలు పోల్చునపుడు వేళను బట్టియే జత తెలియవలెను. ఒక గడియారము తప్పెనా, ఒక రైతు బస్తాకు వేరొకరి బస్తా జతపడును. చిట్టాలు రెండును నిజమే. ఫలితము మాత్రము అబద్ధము.

బస్తాలోని పసుపు రంగు మూట కట్టినప్పుడే నిర్ణయమై యున్నది. క్వాంటం ముడిపడిన కాంతికణముల గుణమును అట్లే ముందుగా నిర్ణయమై యున్నదా? 1935లో ఐన్‌స్టీను, ఆయన సహచరులు ఈ చర్చను లేవనెత్తిరి. 1964లో జాన్ బెల్ దానిని పరీక్షకు నిలువదగిన లెక్కగా మార్చెను. 1982లో ఫ్రాన్సుదేశమున ఆలేన్ ఆస్పె కణములు దారిలో నుండగనే కొలత తీరు మారునట్లు చేసెను. 1998లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున, 400 మీటర్ల యెడముగల రెండు కొనలయందును వేర్వేరు అణుగడియారములుంచిరి. ఒక కొననుండి మరొకదానికి కాంతి చేరుటకు 1.3 మైక్రోసెకండ్లు పట్టును. అంతకు ముందే కొలత ముగించిరి. ఒకదాని వార్త రెండవదానికి అందు నవకాశము లేకపోయెను. ఐనను కణముల పొత్తు, మూటలోని రంగువలె ముందే నిర్ణయమైనచో ఉండదగిన హద్దును మించినది. ఆస్పె, క్లౌజర్, జైలింగర్లకు 2022లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ విద్య మన ముంగిటికిని వచ్చినది. 2020 డిసెంబరులో హైదరాబాదునందు రక్షణ పరిశోధన సంస్థవారి రెండు ప్రయోగశాలల నడుమ, కాంతికణములచే రహస్యసంకేతమును పంపు పద్ధతి ప్రదర్శింపబడెను. అది ముడిపడిన జంటల పద్ధతి గాదు; కణము వచ్చు వేళలోనే సంకేతము నిమిడ్చు పద్ధతి. 12 కిలోమీటర్ల గాజుతీగపై దాని భద్రతను పరీక్షించిరి. నానోసెకండులో వెయ్యవ వంతైన పికోసెకండ్ల లెక్కతో గడియారములు సరిచూడవలసి వచ్చెను. ఎండవేడికి గాజుతీగలో కాంతి ప్రయాణకాలము మారును గనుక ఇట్టి పనియందు ఏమరుపాటు చెల్లదు. నడుమ మూడవవాడు చెవియొగ్గినచో పట్టుబడుననియు చూపిరి. 2022 జనవరిలో అహమ్మదాబాదునందు, 300 మీటర్ల యెడముగల రెండు భవనముల నడుమ, ముడిపడిన జంటలతోనే ఇట్టి పని జరిగినది.

దేశరక్షణ లేఖలకు రేపు ఇట్టి విద్యయే కావలి కాయవచ్చును. దానికి రెండు కొనల గడియారముల పొత్తు ఆవశ్యకము. సాక్షి నిజము చెప్పుట చాలదు. అది ఏ వేళ చూచిన నిజమో తెలియవలెను.