బడి విడుచు వేళ

ఏప్రిల్ మాసము చివర, ఓరుగంటిలో ఎండలు ముదిరిన తరుణమున, పాఠశాలలకు వేసవి సెలవు లిత్తురు. పదవ తరగతివారికి పరీక్షలకు ముందే వీడుకోలు సభ జరుగును. తక్కిన పిల్లలకు ఆ సంవత్సరపు కడపటి దినమే వీడుకోలు. ఉపాధ్యాయుని మెడలో బంతిపూల దండ, బల్లపై పిల్లలు తలకింత వేసికొని తెచ్చిన కలము, అందరును వరుసగా నిలిచి తీయించుకొను ఛాయాచిత్రము, ఇవి ఎల్లచోట్ల నుండునవే. పిదప ఉపాధ్యాయుడు లేచి నాలుగు మాటలు చెప్పవలెను. బాగుగా చదువుకొనుడు, తల్లిదండ్రుల పేరు నిలుపుడు, మమ్ము మరువకుడు అని చెప్పి కూర్చుండుట పరిపాటి. ఇందు తప్పేమియు లేదు. కాని ఈ నాలుగు మాటల వెనుక మన దేశమున దీర్ఘమైన చరిత్ర కలదు. దానిని కొంత పరికించినచో ఆ దినమున పరీక్ష శిష్యునికంటె గురువునకే యెక్కువయని తోపకమానదు.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లియందు, చదువు ముగించి యింటికి మరలు శిష్యునకు ఆచార్యుడు చేసిన యుపదేశ మొకటి కలదు. సత్యము పలుకుమనియు, ధర్మము నాచరింపుమనియు, చదువుటను చదువు చెప్పుటను మానవలదనియు, తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవములుగా భావింపుమనియు ఆయన బోధించెను. ఇంతవరకు అందరును ఎరిగినదే. దాని తరువాత వచ్చు మాటను మాత్రము మన సభలలో తలచువారు తక్కువ. మాలో మంచి నడవడి యేది కలదో దానినే నీవు గైకొనుము, తక్కినది వలదని ఆ గురువు తన శిష్యునితో చెప్పెను. అనగా పండ్రెండేండ్లు తన యెదుట చేతులు కట్టుకొని నిలిచినవానికి, పోవునాడు, తనలోని మంచిచెడ్డలను ఏర్పరచు నధికారము నిచ్చి పంపెను. గురువును దైవమనుకొమ్మన్న నోటితోనే గురువును విమర్శింపుమనియు చెప్పుట సామాన్యమైన ధైర్యము కాదు. మన వీడుకోలు మాటలకు ఇదియే మూలకందముగా నుండదగినది.

అయితే అట్టి గురువు బ్రదుకుటకు కూడు కావలెను. శిష్యుడు నిలిచి చదువుటకు నీడ కావలెను. ఓరుగంటి కాకతీయులు ఈ సంగతి నెరిగియుండిరి. గణపతిదేవునకు దీక్షాగురువైన విశ్వేశ్వరశివాచార్యులకు రుద్రమదేవి కృష్ణాతీరమున మందడము గ్రామము నిచ్చిన విషయము 1261వ సంవత్సరపు మల్కాపురము శాసనమున కలదు. ఆ స్థలము నేటి గుంటూరు జిల్లాలో, అమరావతి ప్రాంతమున నున్నది. గ్రామాదాయమును మూడు భాగములు చేసి, ఒకటి దేవునకును, ఒకటి విద్యార్థులకును శైవమఠమునకును, మూడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, అన్నసత్రమునకును వినియోగించిరి. మూడు వేదములను చెప్పుటకు ముగ్గురు, వ్యాకరణతర్కసాహిత్యాది శాస్త్రములను చెప్పుటకు అయిదుగురు, ఒక వైద్యుడు, ఒక లెక్కలు వ్రాయు కాయస్థుడు అచట నియుక్తులైరి. చదువును, వైద్యమును, అన్నమును ఒక్క పద్దులో చేర్చిన ఆ దృష్టి మెచ్చదగినది. కాని ఆ పాఠశాల వాకిలి అందరికిని తెరువబడినది కాదు. వేదము చదువుట కర్హులుగా నెంచబడినవారే లోపలికి పోగలిగిరి. లోపలికి రానివానికి వీడుకోలు చెప్పు ప్రసక్తియే లేదు గదా!

అందరి పిల్లలకును కొంత చేరువగా నుండినవి వీథిబళ్లు. ఇసుకలో ఓనమాలు దిద్దించి, ఎక్కములు, పద్యములు వల్లె వేయించి, జాబులు వ్రాయుట, లెక్కలు కట్టుట నేర్పిన అయ్యవార్లు తరతరములుగా మన గ్రామములను కాపాడిరి. వారి దండనలు కఠినములు. వారి జీతములు స్వల్పములు. దసరా పండుగనాడు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోయి, పద్యములు పాడించి, తమకు కొన్ని కాసులును పిల్లలకు పప్పుబెల్లములును తెచ్చుకొనుచుండిరి. ఏడాదిలో గురుశిష్యులు కలిసి ఊరి యెదుట నిలుచు దిన మదియొక్కటే. ఆ బళ్లలో వీడుకోలునకు మాత్రము తేదీ లేదు. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి మదరాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. నేటి అనంతపురపు సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. అందు 533 పాఠశాలలును, 6641 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. పేదరికముచే తల్లిదండ్రులు తమ బిడ్డలను చదువు ముగియకమునుపే, చేతులు పనికి వచ్చినంతనే, బడినుండి తీసివేయుచున్నారని ఆయన విచారముతో వ్రాసెను. నేడు పలక పట్టినవాడు రేపు పశువుల వెంట పోయెడివాడు. అయ్యవారు వానికొరకు నాలుగు దినములు చూచి ఊరకుండెడివాడు. అదియే ఆనాటి వీడుకోలు. ఆ 6641 మందిలో బాలికలు అరువదిమంది మాత్రమే. ఈ యొక్క సంఖ్యను మన గృహిణులు ఒక్కింత తడవు మనసులో నిలుపుకొందురు గాక.

ఇక ఓరుగంటికి వత్తము. నిజాము ప్రభుత్వము 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును నెలకొల్పి ఉన్నతవిద్యను ఉర్దూలో నేర్పుట కారంభించెను. ఇంగ్లీషు తప్ప గతి లేదని దేశమంతయు నమ్మియున్న కాలమున, ఒక దేశభాషలో శాస్త్రములు బోధింపవచ్చునని చూపిన గౌరవము దానికి దక్కవలసినదే. కాని ఆ రాజ్యప్రజలలో సగమునకు దగ్గరగా తెలుగు మాట్లాడువారు. ప్రాథమికదశ దాటిన తెలుగుబాలుడు తల్లితో మాట్లాడు భాషను బడి గడపకవతల విడిచి లోపలికి పోవలసివచ్చెను. తెలుగు ఉపాధ్యాయుడు తెలుగు శిష్యులకు పరభాషలో పాఠము చెప్పి, పరభాషలోనే వీడుకోలు పలుకు విచిత్రస్థితి యేర్పడెను. పైగా 1920-30 సంవత్సరముల నడుమ ఖానగీ బడులకు ప్రభుత్వానుమతి విధి యను నియమము రాగా, పెక్కు చిన్నబడులు మూతబడెను.

బడిలో దొరకని భాషకు గ్రంథాలయములు చోటిచ్చెను. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన మూడేండ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. ఉర్దూలో చదివి తెలుగులో వ్రాసినవారు ఈ మండలమున ఎందరో కలరు. మడికొండలో పెరిగి ప్రజాకవియని పేరొందిన కాళోజీ నారాయణరావుగారు వారిలో నొకరు. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదీని నేడు తెలంగాణ భాషాదినముగా జరుపుచున్నారు. వరంగల్లున చందా కాంతయ్యగారి పూనికతో వెలసిన ఆంధ్ర విద్యాభివర్ధని పాఠశాల తన పేరుననే తన యుద్దేశమును చాటుకొన్నది.

ఈ కాలముననే వీడుకోలు లేకుండ బడి విడిచిన విద్యార్థుల కథ యొకటి జరిగినది. 1938వ సంవత్సరము చివర, వసతిగృహములలో వందేమాతర గీతము పాడరాదని అధికారులు నిషేధింపగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు సమ్మె కట్టిరి. ఆ నిప్పు ఓరుగంటి కళాశాలకును ప్రాకెను. గీతము పాడినవారిని విద్యాలయములనుండి వెడలగొట్టిరి. సంవత్సరము మధ్యలో, దండ లేదు, ఛాయాచిత్రము లేదు, మంచిమాట లేదు. పేరు కొట్టివేసిన హాజరుపట్టిక యొక్కటే మిగిలెను. కొలువులోనున్న ఉపాధ్యాయుడు అట్టి శిష్యుని భుజముపై చేయి వేసి, నీవు చేసినది మంచిదే, పోయి రమ్మని నలుగురిలో చెప్పగల కాలమా యది? చెప్పవలసిన గురువు నోరు మెదపలేని చోట, ఎన్నడును చూడని గురువొకడు స్వాగతము పలికెను. నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు కేదారుగారు ఆ విద్యార్థులను తమ కళాశాలలలో చేర్చుకొన ననుమతించిరి. ఇల్లు విడిచి, రాజ్యము విడిచి, రైలెక్కి పోయినవారిలో నర్సంపేట ప్రాంతమున లక్నేపల్లిలో 1921లో జన్మించిన పాములపర్తి వేంకట నరసింహారావు ఒకడు.

ఆయన తరువాత భారతదేశమునకు ప్రధానమంత్రి యయ్యెనని అందరికిని తెలియును. మన ప్రస్తుతాంశమునకు వేరొక సంగతి ముఖ్యము. తెలుగులో ఉన్నతవిద్యా గ్రంథములు వెలువరించుటకై 1968లో తెలుగు అకాడమి యేర్పడినపుడు దాని తొలి యధ్యక్షుడు ఆయనయే. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా నుండగా నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల విద్యాలయము తెరువబడెను. పల్లెటూరి పేదబాలుడు కూడుగుడ్డలకై బడి మానకుండ, అచ్చటనే యుండి చదువుకొనవలెనని దాని సంకల్పము. పిమ్మట కేంద్రమున విద్యాశాఖ వహించినపుడు 1986 నాటి జాతీయ విద్యావిధానమును, నవోదయ విద్యాలయములును వచ్చెను. ఆయన రాజకీయములను మెచ్చువారుందురు, మెచ్చనివారుందురు. కాని పరభాషలో చదివి, నడిమధ్యన బడినుండి త్రోయబడిన పిల్లవాడే పెద్దవాడై మాతృభాషలో పుస్తకములకును, పేదపిల్లలకు నిలుచు నీడకును పాటుపడుట గమనింపదగినది. కాంబెల్ దొర 1823లో చూచిన దుఃఖమునకు సర్వేలు బడి యొక సమాధానము.

సర్వసమాధానము మాత్రము కాలేదు. 1951 జనాభాలెక్కలనాటికి హైదరాబాదు రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి సుమారు తొమ్మిదిమందియే. నాటినుండి నేటికి మనము చాలదూరము వచ్చితిమి. ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవరకు ప్రతి బిడ్డకును చదువు హక్కని 2009లో చట్టమైనది. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. బాలికలకై కస్తూరిబా విద్యాలయములు వెలసినవి. అయినను వేసవి సెలవులలో పెండ్లి కుదిరి జూనులో బడికి రాని బాలిక, కూలికి పోయి మరలిరాని బాలుడు మన కండ్లయెదుట లేరని చెప్పగలమా?

మొన్న మొన్నటి ముచ్చట యొకటి చెప్పి ముగింతును. 2024 జూలైలో మంచిర్యాల జిల్లా జన్నారము మండలములోని పొనకల్ గ్రామమున ఒక ప్రాథమికోపాధ్యాయునకు బదిలీ యైనది. పండ్రెండేండ్లు ఆ బడిలో పని చేసినవాడు. పిల్లలు ఏడ్చిరి, తల్లిదండ్రులు బ్రతిమాలిరి. బదిలీ ఆగలేదు. అంతట నూట ముప్పదిమువ్వురు పిల్లలు, ఆ బడిలో సగమునకు పైబడినవారు, మూడు కిలోమీటర్ల దూరముననున్న క్రొత్త బడికి ఆయన వెంటనే పోయి చేరిరి. పత్రికలలో ఈ వార్త చదివి కండ్లు తడుపుకొననివారు లేరు. నాకును కండ్లు తడిసినవి. కాని తడి యారిన పిదప వేరొక యాలోచన పుట్టినది. వెంట పోలేని పిల్లల మాటయేమి? మూడు కిలోమీటర్లు పంపలేని తల్లి బిడ్డ, సగము ఖాళీయైన ఆ బడిలో మరునాటి యుదయము కూర్చుండి యేమనుకొన్నది? ఒక మంచి గురువు పోయినంతనే బడి చిన్నబోయినచో, అది ఆ గురువునకు కీర్తియే; ఆ బడిని నడుపు మనకందరికిని మాత్రము నింద. ప్రతి బడియందును అట్టివాడొకడున్నచో పిల్లలు ఎవరి వెంటను పరుగెత్తవలసిన పని లేదు.

ఇప్పుడు తైత్తిరీయపు గురువు మాట మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. తనను విడిచి నడువగల శక్తి నిచ్చుటయే ఆయన తుది పాఠము. పిల్లలు మనలను మరువకూడదని కోరుట మానవసహజము. మనము లేకున్నను వారు నడువవలెనని కోరుట గురుధర్మము. కావున ఓరుగంటిలోని ఉపాధ్యాయులకును, ఈ పుటలు చదువు తల్లిదండ్రులకును ఒక చిన్న మనవి. రాబోవు ఏప్రిల్ నెలలో దండలు వేయుటకు ముందు హాజరుపట్టిక నొకసారి తెరువుడు. ఒక్కొక్క పేరు చదివి, ఈ బిడ్డ జూనునెలలో ఎక్కడ నుండునని అడుగుడు. అందరి పేర్ల యెదుటను ఒక బడి పేరు వ్రాయగలిగిననాడు నిశ్చింతగా ఛాయాచిత్రము తీయించుకొనుడు. ఒక్క పేరునెదుట జవాబు దొరకకున్నచో, సభను ఒక గడియ యాపి, ఆ బిడ్డ యింటికి పోయి రండు. ఆ సాయంకాలము ఆ గుమ్మమున నిలిచి చెప్పిన నాలుగు మాటలే నిజమైన వీడుకోలు.